మిద్దె తోటకు ఇంట్లో చేసుకునే కషాయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిద్దె మీద కుండీల్లో, పెరట్లో నాలుగు పాదుల్లో కూరగాయలు పండించుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులివి. కొలతలు వీలైనంతవరకు లీటరు నీటి లెక్కన ఇచ్చాను. ఎకరానికి చెప్పే లెక్కల్ని పది కుండీలకు కుదించుకునే దగ్గరే చాలామంది తడబడుతున్నారు, అందుకని.

మొక్క మీద పురుగు కనబడింది. ఏ కషాయం కొట్టాలి?

ముందు ఆకు తిప్పి చూడండి, కషాయం సంగతి తర్వాత. ఇంటి తోటలో పురుగుల్ని రెండు రకాలుగా అనుకుంటే పని సులువవుతుంది: నమిలి తినేవి, రసం పీల్చేవి.

ఆకుకు చిల్లులు పడినా, అంచులు కొరికేసి ఉన్నా, కింది ఆకుల మీద నల్లటి రెట్టలు రాలి ఉన్నా పైన ఎక్కడో గొంగళి పురుగు ఉన్నట్టే. పది కుండీల తోటలో దానికి కషాయం అక్కర్లేదు. చీకటి పడ్డాక టార్చిలైటుతో వెతికితే దొరుకుతుంది. ఏరేసి సబ్బు నీళ్లలో వేస్తే సరిపోతుంది. పొగాకు లద్దె పురుగు గుడ్లు ఆకు మీద ఒకేచోట గుంపుగా, గోధుమ రంగు నూగుతో కప్పి ఉంటాయి. ఆ ఒక్క ఆకు తుంచేస్తే వందల పురుగులు పుట్టకముందే పోతాయి. ఇంత పని చేసిపెట్టే కషాయం ఏదీ లేదు.

అసలు చిక్కంతా రసం పీల్చే వాటితోనే. చిక్కుడు పాదు లేత చివళ్లకు, పూల గుత్తులకు నల్లగా గుంపు కట్టేది పేనుబంక. మొక్కను కదిపితే తెల్లగా గుప్పున లేచి మళ్లీ ఆకు అడుగున చేరేది తెల్లదోమ. బెండ, వంగ ఆకుల కింద పక్కవాటుగా నడిచే లేత ఆకుపచ్చ పురుగు పచ్చదోమ, దీన్నే దీపపు పురుగు అంటారు. మందారం కొమ్మల కణుపుల్లో దూదిలా అంటుకునేది పిండినల్లి. ఎండాకాలంలో ఆకు పైన సన్నని పసుపు చుక్కలు పడి, అడుగున సన్నటి గూడు కట్టి ఉంటే అది ఎర్రనల్లి. కింద చెప్పే కషాయాలు ముఖ్యంగా వీటి కోసమే.

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఏం కొట్టినా తగ్గడం లేదు, ఎందుకు?

ముడత ఎటువైపు ఉందో చూశారా? ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగులు, అంటే పై ముడత. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా గట్టిపడితే తెల్లనల్లి, అంటే కింది ముడత. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు ఏ మిరప రైతును అడిగినా ఈ తేడా చెబుతారు. తామర పురుగులు ఉన్నాయో లేదో తేలాలంటే తెల్ల కాగితం మీద ఒక పువ్వును గట్టిగా దులపండి. అర నిమిషం ఆగితే సన్నని గీతల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి. 2021లో ఆ జిల్లాల మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగైతే పూలలోనే తిష్ఠ వేస్తుంది. అందుకే పై ఆకులకు మందు కొట్టి ఊరుకుంటే లాభం ఉండదు.

ఇవి రెండూ కాక మూడోది ఉంది, వైరస్. మిరపలో ఆకులు చిన్నవైపోయి మొక్క గిడసబారడం, బెండలో ఈనెలు పసుపెక్కి కాయ కూడా పాలిపోవడం వైరస్ లక్షణాలు. బెండకు వచ్చేదాన్ని శంఖు రోగం అనీ, పల్లాకు తెగులు అనీ అంటారు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. వైరస్ పట్టిన మొక్కను ఏ కషాయమూ బాగుచేయలేదు, ఏ రసాయనమూ బాగుచేయలేదు. మనసు ఒప్పకపోయినా పీకేయండి. దాన్ని ఉంచుకుని పక్క మొక్కలకు కషాయం కొట్టడం దండగ.

ఒక్కటే కషాయం నేర్చుకోవాలంటే ఏది?

వేప గింజల కషాయం. ఇందులో నాకు రెండో మాట లేదు. వేపాకులోనూ చేదు ఉంది కానీ, పురుగు మీద పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది గింజలోని పప్పులోనే. అది పురుగును తగిలిన వెంటనే చంపదు. కషాయం పడిన ఆకును పురుగు తినబుద్ధి కాక వదిలేస్తుంది. తిన్నా కుబుసం విడిచి తర్వాతి దశకు పెరగలేదు. ఆడ పురుగులు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. అందుకే సాయంత్రం కొట్టి పొద్దున్నే వెళ్లి చూసి ‘ఇంకా తిరుగుతున్నాయే’ అని నిరాశపడొద్దు. నాలుగైదు రోజులు ఆగి కొత్త చిగురు ఎలా వస్తోందో చూడండి, ఫలితం అక్కడ తెలుస్తుంది.

1960ల మొదట్లో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల మీదికి మిడతల దండు వచ్చినప్పుడు, ఎస్. ప్రధాన్ బృందం వేప గింజల ద్రావణం చల్లిన పైరు మీద మిడతలు వాలాయి గానీ తినలేదు. మన దగ్గర పాత ఖమ్మం జిల్లా పునుకుల రైతులు రసాయన మందులు మానేసి పత్తి పండించినప్పుడు నమ్ముకున్న వాటిలో ఇదీ ఒకటి. పత్తినే కాపాడిన కషాయం మన నాలుగు వంగ మొక్కలకు చాలదా?

సరే, ఎలా చేయాలి?

లీటరు నీటికి 50 గ్రాముల వేప పప్పు పొడి. దీన్నే వ్యవసాయ శాఖవాళ్లు 5 శాతం కషాయం అంటారు. పెంకు తీయకుండా గింజనే దంచితే 75 గ్రాముల దాకా తీసుకోండి. రోట్లో దంచితే మేలు. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పండి. ఒకే ఊపున తిప్పితే వేడికి నూనె దిగి ముద్ద కడుతుంది.

పొడిని పల్చటి గుడ్డలో మూట కట్టి పొద్దున్నే నీళ్లలో వేయండి. సాయంత్రానికి నీళ్లు పాలలా తెల్లబడతాయి. మూటను నీళ్లలో ముంచుతూ పిండుతూ ఉంటే మొదట చిక్కటి తెలుపు దిగుతుంది, తర్వాత పల్చబడుతుంది. ఇక రంగు దిగడం లేదనిపించేదాకా పిండాలి. ఓపికగా పిండినదానికీ, రెండుసార్లు నొక్కి పక్కన పెట్టినదానికీ పనితనంలో చాలా తేడా ఉంటుంది. తర్వాత పాత నూలు చీర ముక్కను రెండు మడతలు వేసి వడగట్టండి, లేకపోతే స్ప్రేయర్ మూతి ప్రతి రెండు నిమిషాలకూ పూడుకుపోతుంది. చివర్లో రెండు చెంచాల కుంకుడు రసం కలిపి అదే సాయంత్రం కొట్టేయాలి. అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. కషాయం నిలవుంటే బలం తగ్గుతుంది, వాసన కూడా వస్తుంది. మిగిలినదాన్ని దాచొద్దు, పాదుల్లో పోసేయండి. పిండేసిన పిప్పి కూడా మొక్క మొదట్లో వేయండి, మంచి ఎరువు.

వేప గింజలు దొరకడం లేదు. కొన్న వేప నూనె వాడొచ్చా?

వాడొచ్చు. కాకపోతే సీసా మీద ఏం రాసుందో చూసి కొనండి. ఎరువుల దుకాణంలో 1500 పీపీఎం, 10000 పీపీఎం అని అమ్ముతారు. అది అజాడిరక్టిన్ ఎంతుందో చెప్పే అంకె. 1500 అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, 10000 అయితే 1 నుంచి 2 మిల్లీలీటర్లు చాలు. ఈ రెండిటినీ ఒకే చెంచాతో కొలిచి ఆకులు మాడ్చుకున్నవాళ్లు ఉన్నారు. గానుగలో ఆడించిన మామూలు నూనెకు పీపీఎం అంకె ఉండదు, దాన్ని లీటరుకు 5 మిల్లీలీటర్లకు మించనివ్వకండి.

నూనె నీళ్లలో కలవాలంటే వరస ముఖ్యం. ముందు నూనెలో కుంకుడు రసం వేసి బాగా గిలక్కొట్టండి. తెల్లగా చిక్కబడ్డాక కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కలపండి. నీళ్ల మీద నూనె తెట్టు తేలిందంటే కలవలేదని అర్థం. అలాగే కొడితే ఒక ఆకుకు ఉత్త నీళ్లు, ఇంకో ఆకుకు ఉత్త నూనె పడతాయి. నూనె పడిన ఆకు మరుసటి రోజు ఎండకు మాడిపోతుంది. కొడుతున్నంతసేపూ సీసాను ఊపుతూ ఉండండి.

కుంకుడు రసమే ఎందుకు? గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే పోలేదా?

సబ్బు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. నూనెను నీళ్లలో కలుపుతుంది, కషాయం ఆకు మీద జారిపోకుండా పరుచుకునేలా చేస్తుంది. పేనుబంక, తెల్లదోమ పిల్లల్లాంటి మెత్తటి పురుగులకు సబ్బు నీళ్లే మందు. ఒంటి మీది మైనం పొర కరిగి ఎండిపోయి చస్తాయి. కానీ నేరుగా తగిలితేనే చస్తాయి. ఆరిపోయిన సబ్బు ఏమీ చేయదు.

బట్టల పౌడర్లు, గిన్నెల లిక్విడ్లు అసలు సబ్బులే కావు, డిటర్జెంట్లు. జిడ్డు వదిలించడానికి చేసినవి కాబట్టి ఆకు మీద సహజంగా ఉండే మైనం పొరను కూడా లాగేస్తాయి. దోస, బీర, చిక్కుడు లేత ఆకులు అంచులు మాడి కనబడితే చాలాసార్లు కారణం ఇదే. కుంకుడుకాయలు మనింట్లో ఉండనే ఉంటాయి. పది కాయల గింజలు తీసేసి పావు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగడితే వచ్చే రసం ఐదారు లీటర్ల కషాయానికి సరిపోతుంది.

బోరు నీళ్లతో కలిపితే విరిగినట్టు అవుతోంది.

ఉప్పు నీళ్లకు సబ్బు సరిగా కలవదు, తెల్లటి తరకలు కడుతుంది. స్నానానికి సబ్బు నురగ రాని నీళ్లతో కషాయమూ కలవదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మంజీర నీళ్లో, కృష్ణా నీళ్లో పట్టుకుని వాడండి. వాన నీళ్లయితే ఇంకా మంచిది.

పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం పనిచేస్తుందా?

తరమడానికి పనికొస్తుంది, తుడిచిపెట్టడానికి కాదు. కారం, వెల్లుల్లి ఘాటు వల్ల పురుగులు ఆ మొక్క మీద నిలవవు, కానీ ఆ ఘాటు రెండు మూడు రోజులే. 50 గ్రాముల పచ్చిమిర్చి, 25 గ్రాముల వెల్లుల్లి మెత్తగా నూరి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, వడగట్టి, అంతే నీళ్లు కలిపి కొట్టండి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా దీని జోలికి వెళ్లకండి. గాలికి ఎదురుగా నిలబడి కొట్టకండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అయితే పక్కింటివాళ్ల కిటికీ తెరిచి ఉందేమో చూసుకోండి. ఆరేసిన బట్టలు తీసేయమని ముందే చెప్పడం మర్యాద.

పొగాకు కషాయం, అగ్నిఅస్త్రం ఇంట్లో చేసుకోవచ్చా?

వద్దు. పొగాకు సహజమైనదే, నిజమే. అందులోని నికోటిన్ కూడా సహజమైన విషమే. చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. తడి పొగాకు ఆకుల్లో పనిచేసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు వచ్చేది దీనివల్లనే. నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందును మన దేశంలో వాడకూడదని 1992లోనే నిషేధించారు. నిషేధించిన పదార్థాన్ని మన వంటింటి గిన్నెలో మరగబెట్టి, మర్నాడు కోసుకునే తోటకూర మీద చల్లడంలో ప్రకృతి ఎక్కడుంది? పైగా టమాట, మిరప, వంగ పొగాకు కుటుంబానివే. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ వాటికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

అగ్నిఅస్త్రంలో పొగాకు కలుస్తుంది కాబట్టి దానికీ ఇదే జవాబు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతు పొలంలో, జాగ్రత్తలు తీసుకుని చేసే పని వేరు. పిల్లలు ఆడుకునే మిద్దె మీద చేసే పని వేరు. ఉమ్మెత్త, గన్నేరు ఆకులు కలిపే కషాయాలను కూడా ఇంటి తోటలోకి రానివ్వకండి. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కంటి నల్లగుడ్డు దెబ్బతింటుంది. పేలకని తలకు పెట్టుకుని కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తినవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

మరి నీమాస్త్రం, దశపర్ణి?

నీమాస్త్రం నిక్షేపంగా చేసుకోవచ్చు. పది లీటర్ల నీటికి అర కిలో వేపాకు ముద్ద, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల తాజా పేడ. నీడలో గోనె కప్పి ఒక రోజు ఉంచి, పొద్దునా సాయంత్రం కర్రతో కలిపి, వడగట్టి, నీళ్లు కలపకుండానే కొట్టాలి. ఆకుకూరల మీద మాత్రం వద్దు. పేడ కలిసినదాన్ని పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా మీద చల్లకూడదు. పది రకాల ఆకులతో చేసే దశపర్ణి నెల పైన పులియాలి, వాసన వీధి చివరి దాకా వస్తుంది. పది కుండీల కోసం అంత తంటా అక్కర్లేదు.

మందారానికి, బొప్పాయికి పిండినల్లి పట్టింది. కషాయం కొట్టినా మళ్లీ వస్తోంది.

దాని ఒంటి మీది తెల్లటి మైనపు పొడి వల్ల కషాయం లోపలికి దిగదు. అందుకే ముందు ఆ పొర పోవాలి. బాగా పట్టిన చివళ్లు కత్తిరించి కవరులో వేసి మూతి కట్టి పారేయండి. మిగతా కొమ్మలను పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కడగండి. కణుపుల్లో మిగిలినవాటిని పాత టూత్‌బ్రష్‌కు సబ్బు నీళ్లు అద్ది రుద్దండి. ఆ తర్వాతే వేప నూనె, కుంకుడు రసం కలిపి కొట్టాలి. వారానికొకసారి, మూడు వారాలు. గుడ్ల సంచుల్లోంచి కొత్త పిల్లలు వస్తూనే ఉంటాయి కనుక ఒక్కసారితో ఆపితే మొదటికొస్తుంది.

చీమలను ఆపకపోతే ఇదంతా వృథా. పిండినల్లి, పేనుబంక విసర్జించే తియ్యటి బంక కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, తినడానికి వచ్చే మిత్ర పురుగులను తరిమేస్తాయి. ఆ బంక మీదే తర్వాత నల్లటి మసి తెగులు పరుచుకుంటుంది. కుండీని ఇటుక మీద పెట్టి, ఆ ఇటుకను నీళ్ల పళ్లెంలో ఉంచండి. నేలలో ఉన్న చెట్టయితే మొదలు చుట్టూ కాగితం పట్టీ చుట్టి దానికి గ్రీజు పూయండి. బెరడుకు నేరుగా పూయొద్దు.

బొప్పాయి పిండినల్లి గురించి ఒక మంచి మాట చెప్పాలి. 2008లో కోయంబత్తూరు దగ్గర కనబడి దక్షిణాది అంతా పాకిన ఆ పురుగుకు మందులేవీ లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని అదుపులోకి తెచ్చింది. మన తోటలోకి అలాంటి సహాయకులు తమంతట తామే వస్తాయి. వాటిని బతకనివ్వడమే మన వంతు.

మిత్ర పురుగులను ఎలా గుర్తుపట్టాలి?

అక్షింతల పురుగు అందరికీ తెలుసు. నున్నగా, ఎర్రగా మెరుస్తూ నల్ల చుక్కలతో ఉంటుంది. దాని పిల్లను మాత్రం చాలామంది శత్రువనుకుని నలిపేస్తారు. నల్లగా, పొడవుగా, వీపు మీద నారింజ మచ్చలతో పేనుబంక గుంపుల మధ్య హడావిడిగా తిరుగుతుంటే అదే. రోజుకు పదుల కొద్దీ పేనుబంక పురుగులను తింటుంది. ఆకు అంచున సన్నటి తెల్లదారం నిలబడి, దాని కొసన చిన్న గుడ్డు ఉంటే అది అల్లిక రెక్కల పురుగుది. ముట్టుకోకండి. సాలీళ్లనూ ఉండనివ్వండి.

ఒక్క జాగ్రత్త. వంగ, కాకర ఆకుల మీద అక్షింతల పురుగులాంటిదే, కాస్త మాసిన రంగులో, మెరుపు లేకుండా, ఎక్కువ చుక్కలతో ఇంకోటి ఉంటుంది. ఆకులో పచ్చదనమంతా గీకి జల్లెడ చేస్తుంది. పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లతో ఉండేవి దాని పిల్లలు. వాటిని ఏరేయండి.

వంకాయలన్నీ పుచ్చులే. బీర, కాకర పిందెలు కుళ్లి రాలుతున్నాయి. ఏ కషాయం?

ఏదీ కాదు. పురుగు కాయ లోపల ఉంది, కషాయం పైన పడుతుంది. వంగలో కొమ్మ చివర వాడి తలవాల్చగానే, వాడిన చోటుకు రెండు అంగుళాల కింద కత్తిరించి చీల్చి చూడండి, లోపల లేత గులాబీ రంగు పురుగు ఉంటుంది. వాడిన చివళ్లన్నీ రోజూ తీసేస్తే కాయల దాకా రాదు. తోట చిన్నదైనా లింగాకర్షక బుట్ట (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేది) ఒకటి వేలాడదీయండి.

పాదు జాతికి వచ్చేది పండు ఈగ. పిందె కట్టగానే కాగితం సంచి తొడగడం అన్నిటికంటే ఖాయమైన మార్గం. రాలిన పిందెలను అక్కడే వదిలేస్తే అందులోని పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై లేస్తాయి. నల్ల కవరులో వేసి మూతి కట్టి వారం ఎండలో పెట్టండి.

ఆకుల మీద తెల్లటి బూడిద చల్లినట్టుంది. ఇది కూడా పురుగేనా?

కాదు, బూడిద తెగులు, శిలీంధ్రం. నాలుగైదు రోజులు పులిసిన మజ్జిగను లీటరు నీటికి 60 మిల్లీలీటర్లు కలిపి వారానికోసారి కొట్టండి. పాలు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి కొట్టినా పనిచేస్తుందని 1999లో బ్రెజిల్ నుంచి ప్రచురించిన పరిశోధన తేల్చింది. పట్టిన కొత్తలోనే మొదలుపెట్టాలి, ఆకు నిండా పరుచుకున్నాక తెంపేయడమే.

వేప నూనె కూడా శిలీంధ్రాలను ఆపుతుంది. మన అమ్మమ్మలకు తెలిసిన ఈ సంగతి మీదే అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ. ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటు పొందాయి. పర్యావరణవేత్త వందనా శివ తదితరులు పోరాడితే 2000లో ఆ పేటెంటు రద్దయింది, 2005లో దాని మీద వేసిన అప్పీలు కూడా వీగిపోయింది.

చిక్కుడుకు బూడిద చల్లడం పాత పద్ధతి కదా, ఇప్పటికీ పనికొస్తుందా?

భేషుగ్గా. తెల్లవారుజామున మంచు తడి ఉండగా జల్లించిన కట్టెల బూడిద చల్లితే పేనుబంక ఒంటికి అంటుకుని ఎండిపోతుంది. రెండు మూడు రోజులయ్యాక నీళ్లతో కడిగేయండి. కుండీ మట్టిలో మాత్రం ఎక్కువ పడనివ్వకండి, బూడిద క్షారం. బొగ్గుల కుంపటి బూడిద, చెత్త కాల్చిన బూడిద వాడొద్దు.

ఏ వేళప్పుడు కొట్టాలి? పూత మీద కొట్టొచ్చా?

సాయంత్రం ఎండ తగ్గాక. మే నెల మధ్యాహ్నం ఏది కొట్టినా ఆకు మాడుతుంది. నీళ్లకు వాడిపోయి ఉన్న మొక్కకు ముందు నీళ్లు పోసి, మర్నాడు కొట్టండి. కొత్త కషాయం చేసిన ప్రతిసారీ రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగండి. ఆకు బాగుంటేనే మొక్కంతా కొట్టాలి. నాజిల్‌ను కింది నుంచి పైకి పెట్టి ఆకు అడుగు తడవాలి, పురుగు ఉండేది అక్కడే. పైపైన తడిపితే పని అయిపోయిందనిపిస్తుంది తప్ప కాదు.

పూల విషయంలో సాయంత్రం మంచిదే కానీ అన్ని పాదులకూ కాదు. గుమ్మడి, దోస, నేతి బీర పొద్దున పూస్తాయి, వాటికి సాయంత్రం కొట్టొచ్చు. బీర, ఆనప పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి, పరాగసంపర్కం అప్పుడే జరగాలి. ఈ రెండిటికీ పూలను తప్పించి ఆకులకే కొట్టండి, లేదా ఎండ ఎక్కకముందే తెల్లవారి కొట్టండి. ‘పూత బాగుంది, పిందె నిలవడం లేదు’ అనేవాళ్లు ఈ ఒక్కటి మార్చుకుని చూడాలి.

కొట్టిన ఎన్ని రోజులకు కోసుకుని తినొచ్చు?

వేప కషాయమైతే మూడు రోజులు ఆగి, కడుక్కుని తినండి. ఆకుకూరలకు ఐదు రోజులు ఆగితే చేదు అంటదు. తోటకూర, పాలకూర నెలలోపే కోతకొచ్చే పంటలు కాబట్టి వాటి మీద కషాయాల కంటే పల్చటి దోమతెర కప్పడం మేలని నా అభిప్రాయం.

సహజమని చెప్పి పిల్లలకు అందేలా పెట్టకండి. వేప నూనె తాగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చి ప్రాణాల మీదికి వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కూల్‌డ్రింక్ సీసాల్లో ఏ కషాయాన్నీ పోసి ఉంచొద్దు. సీసా మీద పేరు, తేదీ రాసి పై అరలో పెట్టండి. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌ను ఎంత కడిగినా దీనికి వాడొద్దు.

మేం అమెరికాలో ఉంటాం. కరివేపాకు చెట్టుకు చిన్న పురుగులు పట్టాయి, చిగుళ్లు ముడుచుకుంటున్నాయి.

తల కిందికి, వెనక భాగం పైకి పెట్టి వాలుగా కూర్చునే చిన్న గోధుమ రంగు పురుగైతే అది సిట్రస్ సిల్లిడ్ కావచ్చు. కరివేప దానికి చాలా ఇష్టం. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును అదే మోస్తుంది కాబట్టి ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో కరివేప మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి. చిగుళ్లు కత్తిరించి కవరులో మూసి పారేయండి. మీ కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి ఫోటో పంపండి. ఆ మొక్కను గానీ, కొమ్మను గానీ ఇంకో ఊళ్లో ఉన్న చుట్టాలకు ఇవ్వకండి. ఇండియా నుంచి మొక్క తెచ్చుకోవడం అసలే వద్దు.

వేప గింజలు ఎప్పుడు సేకరించాలి, ఎలా దాచాలి?

మన దగ్గర పండ్లు ఎక్కువగా రాలేది జూన్, జూలై నెలల్లో. ఊరి చివర, గుడి దగ్గర, బడి ఆవరణలో వేప చెట్టు కింద రోజూ పొద్దున ఊడ్చి ఏరుకోవచ్చు. వాన తడిసి బూజు పట్టినవి వదిలేయండి. పండ్లను నీళ్లలో పిసికి గుజ్జు తీసి, కడిగి, నీడలో గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెడితే లోపలి సారం పోతుంది. గింజను ఊపితే గలగలమనేదాకా ఆరాలి. తడి ఉండగా కట్టేస్తే పప్పు నల్లబడి బూజు పడుతుంది, అది పనికిరాదు. ప్లాస్టిక్ డబ్బా కాకుండా గుడ్డ సంచిలోనో, గోనె సంచిలోనో పోసి గాలి తగిలేచోట వేలాడదీయండి. పొడి ఎప్పటికప్పుడు చేసుకోవాలి, ముందే దంచి పెట్టుకుంటే బలం తగ్గుతుంది. వచ్చే ఏడు పండ్లు రాలే లోపు ఆ సంచి ఖాళీ చేసేయండి. పది కుండీలున్న ఇంటికి రెండు కిలోల ఎండు గింజలు ఏడాదికి సరిపోతాయి.